సినిమాకి నడక నేర్పిన కొండ

రాజ్‌కపూర్ "ఆవారా" (1951) చూసినవాళ్ళకి అందులోని కల దృశ్యం గురించి నేను చెప్పక్కర్లేదు. పొగమబ్బులు, మెట్లు, తాటిచెట్టంత విగ్రహాలు, వాటి మధ్య నర్గీస్. చూడనివాళ్ళు ఈ రాత్రే ఫోన్‌లో చూడండి, మించిపోయిందేం లేదు. ఆ నాట్యం కూర్చిన మనిషి పేరు మేడమ్ సింకీ. ఫ్రెంచి వనిత. అదే ఏడాది గురుదత్ దర్శకుడిగా తొలిసారి తీసిన "బాజీ"కి డాన్సులు కూర్చింది జోహ్రా సెహగల్. ఆవిడ మీకు తెలుసు. "దిల్ సే", "వీర్ జారా", "చీనీ కమ్" సినిమాల్లో కళ్ళతోనే నవ్విన ముసలావిడ. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1946లో చేతన్ ఆనంద్ "నీచా నగర్"కి సంగీతం రవిశంకర్. అదే ఏడాది అబ్బాస్ తీసిన "ధర్తీ కే లాల్"కి నాట్యం శాంతి బర్ధన్.

ఒక ఫ్రెంచి అమ్మాయి, ఒక నవాబుల ఇంటి ముస్లిం అమ్మాయి, ఒక సితార్ విద్వాంసుడు, ఒక బెంగాలీ, బెంగుళూరులో పుట్టిన గురుదత్ పదుకొణె. వీళ్ళకి ఉమ్మడిగా ఉన్నదేమిటి? ఒకే గురువు, ఒకే కొండ. గురువు ఉదయశంకర్. కొండ అల్మోరా.

ఆ కొండ చూడాలని చాన్నాళ్ళుగా కోరిక. ఢిల్లీ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాఠ్‌గోదాం. అక్కడితో రైలుపట్టాలు అయిపోతాయి. ఎదురుగా హిమాలయం మొదలవుతుంది. అక్కణ్ణుంచి సుమారు 90 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. జీపులో ముందు సీటు దొరికితే అదృష్టవంతులు, వెనక సీటయితే నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. భవాలీ దాటాక కైంచీ ధామ్ దగ్గర నీమ్ కరోలీ బాబా భక్తుల కార్లు చీమలబారులా ఆగి ఉంటాయి. ఆ తర్వాత గరంపానీ. అక్కణ్ణుంచి కోసీ నది పక్కనే ప్రయాణం. నది అంటే మన గోదావరిని ఊహించుకోకండి. నేను వెళ్ళినప్పుడు బండరాళ్ళ మధ్య పిల్లకాలవలా గలగలమంటోంది.

గుర్రపు జీను ఆకారంలో ఉన్న కొండ వీపు మీద కూర్చున్న ఊరు అల్మోరా. ఎత్తు 5,400 అడుగుల చిల్లర. బస్టాండు దగ్గర చూస్తే ఏ కొండూరయినా ఒకటే, సిమెంటు మేడలు, సెల్ టవర్లు. కానీ మెట్లెక్కి పైన పాత బజారులోకి వెళ్ళండి. కాళ్ళ కింద పలకరాళ్ళు, ఇళ్ళ ముందు చెక్కిన దేవదారు ద్వారబంధాలు. కొట్లలో అద్దాల వెనక బాల్ మిఠాయి. కోవాని చాక్లెట్ రంగు వచ్చేదాకా కాచి, ముక్కలు కోసి, తెల్లటి పంచదార గుళికలు అద్దుతారు. పావుకిలో తిన్నాను. పొద్దున మబ్బు లేకపోతే ఉత్తరాన త్రిశూల్, నందాదేవి శిఖరాలు కనబడతాయి. అన్నట్టు, మన సికిందరాబాదులో 1897లో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1857లో. నెహ్రూగారిని తెల్లదొరలు జైల్లో పెట్టిన ఊళ్ళలో ఇదీ ఒకటి. ఇంత చిన్న ఊరికి ఇంత చరిత్రేమిటా అనిపిస్తుంది.

సరే, ఉదయశంకర్ సంగతికొస్తాను. పుట్టింది 1900 డిసెంబరు 8న, ఉదయపూర్‌లో. ఊరి పేరే మనిషి పేరు. తండ్రి శ్యామశంకర్ ఝాలావాడ్ సంస్థానంలో కొలువు. తల్లి ఊరు ఘాజీపూర్ దగ్గర నస్రత్‌పూర్. అక్కడ మాతాదీన్ అని చెప్పులు కుట్టే కులంలో పుట్టిన మనిషి ఆడే నాట్యాన్ని చిన్నప్పుడు కన్నార్పకుండా చూసేవాడట. అతని మొదటి గురువు ఎవరంటే నేను ఆ మాతాదీన్ పేరే చెప్తాను. ఎందుకంటే ఏ శాస్త్రీయ నాట్యాన్నీ అతను క్రమంగా నేర్చుకుని రంగం మీదికి ఎక్కలేదు. చదివింది బొమ్మలు వెయ్యడం. బొంబాయి జె.జె. స్కూలు, ఆ తర్వాత 1920లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్.

అక్కడే కథ మలుపు తిరిగింది. ప్రపంచంలోకెల్లా పెద్ద బాలే నర్తకి అన్నా పావ్లోవా భారతీయ ఇతివృత్తాలతో నాట్యాలు చెయ్యాలనుకుంది. ఎవరో ఈ కుర్రాణ్ణి చూపించారు. 1923లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో "రాధాకృష్ణ". పావ్లోవా రాధ, ఉదయశంకర్ కృష్ణుడు. మనవాడికి ఇరవై మూడేళ్ళు కూడా నిండలేదు! ఆ బృందంతో అమెరికా అంతా తిరిగాడు. తర్వాత ఆవిణ్ణి విడిచిపెట్టి పారిస్‌లో సొంతంగా నిలబడటానికి నానా అవస్థలు పడ్డాడు. ఆ రోజుల్లోనే సిమోన్ బార్బియే అనే పియానో విద్యార్థిని అతనికి జోడీ అయింది. ఆ అమ్మాయే సింకీ. తమాషా చూడండి, రుక్మిణీదేవిని నాట్యం వైపు తిప్పిందీ ఆ పావ్లోవాయే. ఆవిడ 1936లో మద్రాసులో పెట్టిన కళాక్షేత్రం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. ఉదయశంకర్ పెట్టినది ఆరేళ్ళలో పోయింది. ఎందుకలా జరిగిందో ఆ కొండ చుట్టూ తిరుగుతూ నాలో నేనే తర్కించుకున్నాను. ముందు అసలు బృందం ఎలా పుట్టిందో చెప్పాలి.

1929లో ఉదయశంకర్ ఇండియా తిరిగొచ్చాడు. ఏలిస్ బోనర్ అనే స్విట్జర్లాండ్ శిల్పి అతనికి అండ. ఇద్దరూ దేశమంతా తిరిగి గుళ్ళూ, గుహలూ, పల్లెల్లో ఆటలూ చూశారు. మరుసటేడు పారిస్‌కి బయల్దేరిన బృందంలో ఎవరున్నారనుకున్నారు? తమ్ముళ్ళు రాజేంద్ర, దేవేంద్ర, పదేళ్ళ రవి, చిన్నాన్న కేదార్, బంధువుల అమ్మాయి కనకలత. సగం ఇల్లు ఓడెక్కింది! వాద్యబృందానికి తిమిర్ బరన్, విష్ణుదాస్ శిరాలీ. ఆ రోజుల్లో గౌరవంగల కుటుంబాల ఆడపిల్లలు స్టేజీ ఎక్కడం మాట అటుంచండి, అటువైపు చూసినా ఊరు గుసగుసలాడేది. అలాంటిది కుటుంబమంతా ఒక నాట్యబృందమై సముద్రం దాటింది. 1931 మార్చి 3న పారిస్‌లో షాంజెలిజే థియేటర్‌లో మొదటి ప్రదర్శన. ఆ తర్వాత ఏడేళ్ళపాటు యూరపు, అమెరికా. అమెరికాలో వాళ్ళని తిప్పింది సాల్ హ్యూరాక్, పావ్లోవాని తిప్పిన ఆ మేనేజరే. జోహ్రా చేరింది 1935లో. అప్పటికే జర్మనీ వెళ్ళి ఆధునిక నృత్యం చదువుకుని వచ్చిన పిల్ల. ఆ ఏడే మైహర్ నుంచి ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ కూడా బృందంతో ఓడెక్కారు. ఇస్త్రీ మడత నలగని పారిస్ పిల్లాడు రవి ఆయన చివాట్లకి లొంగి, డాన్సు మానేసి సితార్ పట్టుకోవడం వెనక కథ ఇదే.

ఇన్నేళ్ళ సూట్‌కేసు బతుకు విసుగొచ్చింది కాబోలు, ఒక్క చోట కూర్చుని నేర్పాలనుకున్నాడు ఉదయశంకర్. ఇంగ్లండులో డార్టింగ్‌టన్ హాల్ నడిపే ఎల్మ్‌హర్స్ట్ దంపతులు డబ్బు సాయానికి ముందుకొచ్చారు. సాయం చేసినవాళ్ళలో వాళ్ళమ్మాయి బియట్రిస్ స్ట్రెయిట్ కూడా ఉంది. సినిమా పిచ్చివాళ్ళకి ఈ పేరు తెలిసే ఉండాలి. "నెట్‌వర్క్" (1976)లో అయిదారు నిమిషాలు కనబడి ఆస్కార్ ఎగరేసుకుపోయిన నటి ఆవిడే.

అలా 1938లో పునాది పడి, రెండేళ్ళలో పూర్తిగా నడక సాగించింది ఉదయశంకర్ ఇండియా కల్చర్ సెంటర్. పుస్తకాల్లో చిరునామా సిమ్‌తోలా అని ఉంటుంది, ఊరికి మూడు కిలోమీటర్లు. నేను ఆటో మాట్లాడుకోకుండా నడిచాను. చుట్టూ చీర్ చెట్లు, అంటే మనం పైన్ అంటామే, అవి. ఎండిన సూదుల్లాంటి ఆకులు దారంతా పరుచుకుని ఉంటాయి, కాలు జారుతుంది. ఇప్పుడు అక్కడ ఎకో పార్కు. కాలేజీ జంటలు సెల్ఫీలు దిగుతున్నారు. ఒక కుర్రాణ్ణి ఉదయశంకర్ ఎవరో తెలుసా అని అడిగితే, రవిశంకర్ తెలుసన్నాడు. మా బాల్ మిఠాయి కొట్టు పెద్దాయన మాత్రం, "క్లాసులు ఎక్కువగా జరిగింది రాణీధార వైపు అద్దె ఇళ్ళలో, ఇటు చూడండి" అని వేలు చూపించాడు. అటూ వెళ్ళాను. ఎక్కువ తోటలు, తక్కువ ఆనవాళ్ళు. ఆయన పేరుతో ప్రభుత్వం కట్టిన నాట్య అకాడమీ భవనం ఒకటి ఊరి శివార్లలో ఉంది. భవనానికేం, బాగానే ఉంది.

అక్కడ జరిగిన చదువు గురించి విన్నప్పుడు మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. భరతనాట్యానికి బాలసరస్వతి గురువు కందప్ప పిళ్ళై. కథాకళికి శంకరన్ నంబూద్రి. మణిపురికి అమోబీ సింగ్. సంగీతానికి అల్లావుద్దీన్ ఖాన్. ఇలాంటి నలుగురు ఒక కొండ మీద ఒకేసారి! అయిదేళ్ళ పాఠక్రమం తయారుచేసింది జోహ్రా. వీటన్నిటికంటే నాకు నచ్చింది ఉదయశంకర్ సొంత క్లాసు. మొదటి పాఠం నడక. అవును, ఉత్త నడక. నడవడం కూడా నేర్పాలా అని మీరనొచ్చు. అరగంట తిన్నగా నడవమంటే తెలుస్తుంది, మన చేతులు ఎక్కడుంటాయో మనకే తెలీదని. తర్వాత ఊహించి నడవమనేవారు. బురదలో, ఎండలో, భయంలో, గుంపులో. ఒకళ్ళ కదలికకి ఇంకొకళ్ళు అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. ముద్ర కాదు, మనసులో బొమ్మ ముఖ్యం. ఆయన చిత్రకారుడు కదా మరి!

ఆ పాఠాల్లోంచి పుట్టినవే "జీవన లయ", "శ్రమ–యంత్రం" నాట్యాలు. రెండోదాంట్లో పల్లెజనం ఫ్యాక్టరీకి పోయి వాళ్ళే చక్రాలూ పిస్టన్లూ అయిపోతారు. రాజులూ దేవుళ్ళూ తప్ప ఇంకేం ఆడటానికి లేదనుకున్న రోజుల్లో కూలివాడి మీద నాట్యం! ఇక దసరాకి నీడల రామలీల. కొండవాలున పెద్ద తెల్లటి తెర కట్టి, వెనక దీపాలు పెట్టి, మనుషుల నీడలతో రామాయణం ఆడేవారు. చుట్టుపక్కల కొండల నుంచి జనం వేలల్లో వచ్చేవారట. మన తోలుబొమ్మలాట చూసిన కళ్ళకి ఆ తెర కొత్త కాదు. అక్కడ బొమ్మల బదులు మనుషులు. కుమావూనులో రామలీల పాటలతో ఆడటం ఉదయశంకర్ కంటే ముందునుంచీ ఉంది, ఈనాటికీ అల్మోరా దసరా అంటే వీధివీధికీ ఒక రాక్షసుడి బొమ్మ ఊరేగుతుంది.

1940ల మొదట్లో ఇక్కడికొచ్చిన కుర్రాళ్ళలో గురుదత్ ఒకడు. అతని సినిమాల్లో వెలుగునీడల గొప్పతనం ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తిది, కాదనను. కానీ "ప్యాసా"లో (1957) కల దృశ్యం చూడండి, "కాగజ్ కే ఫూల్"లో (1959) ఖాళీ స్టూడియోలో వెలుతురు స్తంభం చూడండి. వాటి మధ్య మనుషులు ఎలా నడుస్తారో చూడండి. పాట వస్తే హీరో ఆగిపోయి చేతులూపడు, కథలోంచే నడుచుకుంటూ పాటలోకి వెళ్తాడు. ఈ నడక ఎక్కడిదో నాకు అల్మోరాలో అర్థమైందనుకుంటున్నాను. సినిమాల్లో అతని మొదటి ఉద్యోగాల్లో ఒకటి పూనా ప్రభాత్ స్టూడియోలో డాన్స్ డైరెక్టర్‌గా, 1946లో వచ్చిన "హమ్ ఏక్ హై"కి. మన "రోజులు మారాయి" (1955)లో ఏరువాక పాటకి ఆడిన వహీదా రెహమాన్‌ని చూసి బొంబాయి తీసుకెళ్ళింది కూడా ఈ కుర్రాడే కదా. ఒక నాట్యం తెలిసిన కన్ను ఇంకో నాట్యం తెలిసిన పిల్లని పట్టుకుంది.

కొండ మీద పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. 1941లో రవిశంకర్‌కి, అల్లావుద్దీన్ ఖాన్ కూతురు అన్నపూర్ణకి ఇక్కడే పెళ్ళి జరిగింది. 1942లో ఉదయశంకర్ అమలా నందిని పెళ్ళాడాడు. పదకొండేళ్ళ పిల్లగా 1931లో తండ్రితో పారిస్ వెళ్ళినప్పుడు ఆ బృందాన్ని మొదటిసారి చూసిన అమ్మాయి ఆమె. ఆ ఏడాది ఆఖర్న కొడుకు ఆనందశంకర్ అల్మోరాలోనే పుట్టాడు. జోహ్రా తన శిష్యుడు కామేశ్వర్ సెహగల్‌ని పెళ్ళాడి లాహోరు వెళ్ళిపోయింది. ఒక్కొక్కళ్ళే కొండ దిగడం మొదలైంది.

1944 నాటికి కేంద్రం మూతపడింది. యుద్ధం వచ్చింది, విదేశీ డబ్బు ఆగింది, చందాలు చాలలేదు. పుస్తకాల్లో ఇవే కారణాలు. నిజమే. నా మటుకు ఇంకోటి కూడా తోస్తుంది. కళాక్షేత్రంలో గురువు మారినా అడవు మారదు. అల్మోరాలో అడవు అనేది లేదు, ఆ మనిషి కళ్ళలోని బొమ్మ ఉంది. దాన్ని రాసిపెట్టుకునే లిపి కూడా లేదు. ఆయన మనసు సినిమా వైపు మళ్ళగానే కొండ మీద ఏం మిగుల్తుంది? ఇది తప్పని నేననను. అలా ఉండబట్టే గురుదత్ గురుదత్ అయ్యాడు, శాంతి బర్ధన్ శాంతి బర్ధన్ అయ్యాడు. ఒకే అచ్చులో పోసిన శిష్యులయితే ఇన్ని దారుల్లో వెళ్ళేవారు కాదు.

ఇక్కణ్ణుంచి కథ మన మద్రాసుకి వస్తుంది. పోయిన కేంద్రాన్ని తెర మీద మళ్ళీ కట్టాలనుకుని ఉదయశంకర్ తన మనుషుల్ని వెంటబెట్టుకుని జెమినీ స్టూడియోలో దిగాడు. సినిమా పేరు "కల్పన". కథ, దర్శకత్వం, నాట్యం, హీరో, అన్నీ తనే. హీరోయిన్ అమల. సంగీతం విష్ణుదాస్ శిరాలీ. కెమెరా కె. రామనాథ్. అల్మోరా ప్రాంతపు కవి సుమిత్రానందన్ పంత్ కూడా ఇందులో పాలుపంచుకున్నారు. తిరువాన్కూరు నుంచి వచ్చిన పద్నాలుగేళ్ళ పద్మినికి ఇదే తొలి సినిమా. అదే స్టూడియోలో అదే రోజుల్లో వాసన్‌గారి "చంద్రలేఖ" ఢంకాలు తయారవుతున్నాయి. రెండూ 1948లోనే విడుదలయ్యాయి. ఒకటి కనకవర్షం కురిపించింది. రెండోది పల్టీ కొట్టింది.

"కల్పన" మొదలయ్యే తీరు చూస్తే ఆయనకి ముందే తెలుసేమో అనిపిస్తుంది. ఒక రచయిత ఒక నిర్మాతకి కథ చెప్తాడు. హిమాలయాల్లో కళాకేంద్రం కట్టాలని కలగన్న ఉదయన్ అనే నర్తకుడి కథ. రెండున్నర గంటలు విన్నాక నిర్మాత కాదు పొమ్మంటాడు. బాక్సాఫీసుకి పనికిరాదట! 1948లోనే ఈ మాట. నేడు ఫిలిమ్‌నగర్‌లో కథలు మోసుకు తిరిగే కుర్రాళ్ళంతా ఈ సినిమా చూసి తీరాలి. మధ్యలో కథ అక్కడక్కడా తడబడుతుంది, ఉపన్యాసం ఎక్కువవుతుంది. దాచడం దేనికి? కానీ ఆ యంత్రాల నాట్యం వచ్చినప్పుడు నేను కుర్చీలో ముందుకు జరిగాను. మనుషులే పళ్ళచక్రాలై తిరుగుతారు. కొండ మీద పోయిన క్లాసు అక్కడ బతికే ఉంది. ఆ బృందం ఎలా కదిలేదో ఈనాడు మనం చూడగలిగేదంటూ ఉంటే చాలావరకు ఈ రీళ్ళలోనే.

ఆ రీళ్ళూ చేజారేవే. ఏళ్ళ తరబడి హక్కుల తగాదాల మధ్య డబ్బాల్లో మగ్గాయి. పూనా ఫిల్మ్ ఆర్కైవ్‌లో దాచిన నెగటివ్ ఆధారంగా, మార్టిన్ స్కోర్సీసీ పెట్టిన వరల్డ్ సినిమా ఫౌండేషన్ చొరవతో, ఇటలీలోని బొలోన్యాలో బాగుచేశారు. 2012 కాన్ ఉత్సవంలో వేశారు. ఉదయశంకర్ 1977 సెప్టెంబరు 26నే వెళ్ళిపోయాడు. హాల్లో అమలాశంకర్ ఉంది. తొంభై రెండేళ్ళు నిండిన మనిషి, తెర మీద తన ఇరవైలనాటి కాళ్ళని చూసుకుంది. 2020 జూలైలో, నూటొక్క ఏళ్ళు నిండాక, ఆవిడా పోయింది. అంతకుముందే 2014లో జోహ్రా, నూట రెండేళ్ళకి. ఆ కొండగాలిలో ఏముందో గానీ ఆడవాళ్ళు నూరేళ్ళు దాటారు.

తెలుగువాళ్ళం మనం మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఉదయశంకర్ పోయిన ఆ 1977లోనే మృణాళ్‌సేన్ తెలుగులో "ఒక ఊరి కథ" తీశారు. ప్రేమ్‌చంద్ "కఫన్" కథకి మన తెలంగాణ పల్లె రూపం. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి తెచ్చుకుంది. అందులో సోమరి మామనీ మొగుణ్ణీ రెక్కల కష్టంతో పోషించి, పురుడు రాక చచ్చిపోయే కోడలు నీలమ్మ గుర్తుందా? ఆ పాత్ర వేసిన మమతాశంకర్ ఉదయశంకర్ కూతురు. ఆ సినిమాలో ఆమెకి డాన్సు లేదు. కానీ ఆమె నడుస్తుంటే చూడండి. అలిసిన నడక, కడుపుతో ఉన్న నడక, కోపం దిగమింగిన నడక. ఏ సంభాషణా లేకుండా మనిషి అర్థమవుతుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. అక్టోబరులో వెళ్ళండి, ఆకాశం కడిగినట్టుంటుంది, దసరా కూడా కలిసొస్తుంది. స్వెట్టరు తప్పనిసరి. కొండ మీద మీకు బోర్డులు, మ్యూజియంలు పెద్దగా ఎదురవ్వవు కాబట్టి బయల్దేరే ముందు "కల్పన" చూసి మరీ వెళ్ళండి. మద్రాసు జెమినీ స్టూడియో కూడా లేదిప్పుడు, ఆ పేరు ఒక ఫ్లైఓవర్‌కి మిగిలింది. సిమ్‌తోలాకి మాత్రం బండి మీద కాకుండా కాళ్ళతో వెళ్ళండి. సాయంత్రం ఆరు దాటితే చిరుతల భయం ఉందని ఊళ్ళోవాళ్ళు చెప్పారు, అంతకుముందే దిగొచ్చెయ్యండి.